సీఎస్ఈ సీటొచ్చింది సరే, పట్టా రావాలంటే ఏం చేయాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

కౌన్సెలింగ్ సీజన్ కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌లలో ముప్పాతిక వంతు కంప్యూటర్ సైన్స్ గురించే. ఏ కాలేజీ మంచిది, ప్యాకేజీ ఎంత వస్తుంది అని అడిగినవాళ్లే ఎక్కువ. వాటి జోలికి పోవడం లేదు, ఆ మాట చెప్పడానికి యూట్యూబ్‌లో బోలెడు మంది ఉన్నారు. అసలు ఈ డిగ్రీ ఎందుకు పెట్టారు, ఏం పూర్తి చేస్తే పట్టా చేతికిస్తారు అని అడిగిన ఉత్తరాలు కొన్ని తీసుకున్నాను. రూల్స్ చెప్పిన చోట జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్స్ (2022-23 నుంచి చేరిన బ్యాచ్‌లకి పెట్టిన నిబంధనలు) ప్రకారం చెప్పాను, రాసినవాళ్లలో ఎక్కువ మంది అక్కడివాళ్లే కాబట్టి. కాకినాడ, అనంతపురం వాళ్లు, అటానమస్ కాలేజీల వాళ్లు, వేరే రెగ్యులేషన్స్ కింద చేరినవాళ్లు తమ బుక్ తీసి సరిచూసుకోవాలి, అంకెలు కొన్ని మారతాయి.

ప్రశ్న: సార్, మా కాలేజీలో ప్రతి ఫ్లోర్‌లో పెద్ద ఫ్లెక్సీ ఉంది. విజన్, మిషన్, పీఈఓలు, పీఓలు, పీఎస్‌ఓలు అని ఇంగ్లిష్‌లో బారెడు రాశారు. కోర్సులకి గుర్తింపిచ్చే ఎన్‌బీఏ టీమ్ వస్తోందని మాచేత అవన్నీ బట్టీ పట్టించారు. నేను గడగడా అప్పజెప్పేశాను కూడా. కానీ దాని భావం ఏంటో ఎవరూ చెప్పలేదు.
— బీటెక్ సెకండియర్, కరీంనగర్

జవాబు: ఆ లిస్టులో బట్టీ పట్టడం అనే లక్ష్యం మాత్రం ఎక్కడా లేదు బాబూ! పీఈఓ అంటే, నువ్వు కాలేజీ వదిలిన నాలుగైదేళ్లకి ఏ స్థితిలో ఉండాలని డిపార్ట్‌మెంట్ కోరుకుంటోందో అది. ఉద్యోగంలోనో పైచదువులోనో సొంత కంపెనీలోనో నిలదొక్కుకోవడం, కొత్తవి నేర్చుకుంటూ ఉండటం, ఇలాంటివి. పీఓ అంటే పట్టా తీసుకునే రోజుకి నీకు ఏమేం చేతనవ్వాలో అది, ఇది సివిల్ అయినా మెకానికల్ అయినా సీఎస్ఈ అయినా అందరికీ ఒకటే. పీఎస్‌ఓ మీ బ్రాంచి వాళ్లు తమకోసం రాసుకున్నది. ఇక ఒక్కో సబ్జెక్టుకి నాలుగైదు సీఓలు (ఆ సబ్జెక్టు చదివాక ఏం చేతనవ్వాలో చెప్పేవి) ఉంటాయి, సిలబస్ కాపీలో సబ్జెక్టు పేరు కిందే కనిపిస్తాయి, మనం వాటిని దాటేసి నేరుగా యూనిట్ వన్‌కి వెళ్లిపోతాం.

ఈ పీఓలు మీ హెచ్‌ఓడీ రాత్రికి రాత్రి రాసినవి కావు. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకోవడానికి వాషింగ్టన్ అకార్డ్ అని ఒక ఒప్పందం ఉంది. 2014లో మన దేశం అందులో పూర్తి స్థాయి సభ్యురాలైంది, మన తరఫున అందులో ఉన్నది ఎన్‌బీఏ. ఆ ఒప్పందం చెప్పే లక్షణాలనే మనకి 12 పీఓలుగా పెట్టారు, ఈమధ్య సవరించి 11 చేశారు. మీ ఫ్లెక్సీ మీద 12 ఉంటే అది పాతదన్నమాట.

ఓసారి దాని ముందు నిలబడి తీరిగ్గా చదువు. ఇంజినీరింగ్ పరిజ్ఞానం అన్నది అందులో ఒకే ఒక్క పాయింట్. మిగతావన్నీ ఏంటి? సమస్యని విడదీసి చూడటం, డిజైన్ చేయడం, టూల్స్ వాడటం, చేసే పని వల్ల సమాజానికి ఏమవుతుందో ఆలోచించడం, నీతి, నలుగురితో కలిసి పనిచేయడం, విషయాన్ని ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పడం, డబ్బు, టైమ్ లెక్కేసుకుని ప్రాజెక్టు నడపడం, జీవితాంతం నేర్చుకోవడం. ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్, టెక్నికల్ వాళ్లు కలిసి వెతికేది ఇవే. కానీ మన మూడు గంటల పరీక్షలో వీటిలో ఎన్ని బయటపడతాయి? ఒకటో రెండో. మిగతావి ఎలా కొలుస్తారంటే, సీఓకీ పీఓకీ మధ్య మూడు, రెండు, ఒకటి అని నంబర్లు వేసి ఎక్సెల్ షీట్లు నింపుతారు, ఎన్‌బీఏ విజిట్ ముందు మీ లెక్చరర్లు రాత్రి పది దాకా కాలేజీలో ఉండేది ఈ పనిమీదే. పాపం వాళ్లని ఏమీ అనకు.

నీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. మీ మిడ్ పేపర్ తీసి చూడు, చాలా కాలేజీల్లో ప్రశ్న పక్కన సీఓ2, ఎల్2 అని చిన్నగా వేస్తారు. ఆ ఎల్ అనేది ప్రశ్న ఏ స్థాయిదో చెబుతుంది: ఎల్1 గుర్తుపెట్టుకుని రాసేది, ఎల్2 అర్థం చేసుకుని రాసేది, ఎల్3 వాడి చూపించేది, అలా ఆరు దాకా. పేపరంతా ఎల్1, ఎల్2లే ఉంటే, ఆ సబ్జెక్టులో నీకు 90 మార్కులు వచ్చినా పని చేతనవుతుందని గ్యారంటీ లేదు. ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ పాత పేపర్లలో ప్రశ్నలు చేయి, అవి దాదాపు అన్నీ ఎల్3, ఆ పైనే.

ప్రశ్న: ఫస్టియర్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. అందులో మ్యాథ్స్‌లో ఇంటర్నల్ 14, ఎక్స్‌టర్నల్ 22 వచ్చాయి. రెండింట్లోనూ పాస్ మార్కులు దాటాను కదా, మరి ఫెయిల్ అని ఎందుకు వచ్చింది? నన్ను సెకండియర్‌కి పంపుతారా? ఇంట్లో చెప్పలేదు, చాలా టెన్షన్‌గా ఉంది.
— నల్గొండ జిల్లా

జవాబు: ముందు టెన్షన్ సంగతి. సెకండియర్‌కి వెళ్తావు, అటెండెన్స్ సరిపోయి ఉంటే చాలు. ఆర్22లో ఫస్టియర్‌కి 40 క్రెడిట్లు (సబ్జెక్టుకి ఇచ్చే బరువు, లెక్క కింద చెబుతాను), అందులో సగం, అంటే 20 తెచ్చుకుంటే ప్రమోషన్ ఇస్తారు. మూడు సబ్జెక్టులు పోయినా పది, పన్నెండు క్రెడిట్లే పోతాయి, నీకు ఇంకా 28 ఉంటాయి.

మ్యాథ్స్‌లో నీలాగే చాలా మంది బోల్తా పడతారు. ఇంటర్నల్ 40కి కనీసం 14 రావాలి, ఎక్స్‌టర్నల్ 60కి కనీసం 21 రావాలి, ఈ రెండూ నీకు తెలుసు. మూడో షరతు కూడా ఉంది, రెండూ కలిపి 40 రావాలి. 14, 21 కలిపితే 35 అవుతుంది, పాస్ కాదు. నీకు 36. ఇంటర్నల్ తక్కువ తెచ్చుకున్నవాడు ఎక్స్‌టర్నల్‌లో ఎక్కువ తెచ్చుకోక తప్పదు. కాబట్టి మిడ్స్‌ని తేలిగ్గా తీసుకోకు, 40లో పది మార్కులు అసైన్‌మెంట్లకీ, వైవా లేదా ప్రెజెంటేషన్‌కీ ఉంటాయి, అవి దాదాపు చేతికిచ్చే మార్కులు. నాలుగు మార్కుల తేడాయే కాబట్టి బాగా రాశానని నమ్మకం ఉంటే రీవాల్యుయేషన్ పెట్టుకో, లేకపోతే ఆ డబ్బు దాచుకుని సప్లిమెంటరీకి చదువు.

ఇక్కడితో అయిపోలేదు. సెకండియర్ నుంచి థర్డియర్‌కి వెళ్లాలంటే అప్పటిదాకా ఉన్న 80 క్రెడిట్లలో 48 ఉండాలి. థర్డ్ నుంచి ఫైనల్‌కి 120లో 72. మొత్తం 160 వస్తేనే డిగ్రీ, అదీ చేరిన రోజు నుంచి ఎనిమిదేళ్లలోపు. ఈ 160 అనే అంకె దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన మోడల్ కరిక్యులం నుంచి వచ్చింది, అంతకు ముందు ఆర్16 వాళ్లు 192 చేసేవాళ్లు. వారానికి ఒక గంట క్లాసు సెమిస్టర్ అంతా జరిగితే ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్‌కి ఒక క్రెడిట్. మూడు గంటల ల్యాబ్ చేసినా ఒకటిన్నరే. అందుకే కుర్రాళ్లు ల్యాబ్‌ని చిన్నచూపు చూస్తారు, నా దృష్టిలో ఈ పద్ధతి చేసిన పెద్ద నష్టం అదే.

ఇంకో సంగతి, జీరో క్రెడిట్లే కదా అని కాన్‌స్టిట్యూషన్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్ లాంటివి వదిలేయకు. వాటికి పాయింట్లు రావు గానీ అవి పాస్ కాకపోతే డిగ్రీ ఇవ్వరు. ఫైనలియర్‌లో ఉద్యోగం ఆఫర్ చేతిలో పెట్టుకుని ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ సప్లీ రాసినవాళ్లు ఉన్నారు.

ఇంట్లో ఈరోజే చెప్పెయ్. సర్టిఫికెట్ల కంటే ముందు మార్కుల మెసేజ్ మీ నాన్నగారి ఫోన్‌కే వస్తుంది.

ప్రశ్న: కంప్యూటర్స్ చదవడానికి వచ్చాం. ఫస్టియర్‌లో కెమిస్ట్రీ, ఇంజినీరింగ్ డ్రాయింగ్, ఫిజిక్స్, రెండు మ్యాథ్స్ పేపర్లు. ఇవన్నీ ఎందుకు? సీనియర్లు అయితే ఇవి పాసైతే చాలు, పైథాన్ నేర్చుకో అంటున్నారు.
— ఫస్టియర్ అమ్మాయి, గుంటూరు

జవాబు: కెమిస్ట్రీ విషయంలో నీతో వాదించను తల్లీ. బీటెక్ అనేది ముందు ఇంజినీరింగ్ డిగ్రీ, ఆ తర్వాతే కంప్యూటర్ డిగ్రీ, అందుకని బేసిక్ సైన్సెస్ అన్ని బ్రాంచిలకీ పెడతారు. ఏఐసీటీఈ మోడల్‌లో 160లో సుమారు 25 బేసిక్ సైన్స్ కోసం, 24 ఇంజినీరింగ్ సైన్స్ కోసం, 12 హ్యుమానిటీస్ కోసం పోతాయి. ప్రొఫెషనల్ కోర్ అంటే నువ్వు కంప్యూటర్స్ అనుకునేది 48 మాత్రమే, ఎలక్టివ్స్, ప్రాజెక్ట్ విడిగా. బ్రాంచిని బట్టి, యూనివర్సిటీని బట్టి కొంచెం అటూ ఇటూ. పాలిమర్స్, బ్యాటరీలు ఓ సెమిస్టర్ చదివితే చచ్చిపోరు, అంతకంటే ఎక్కువ సమర్థించడం నావల్ల కాదు.

మ్యాథ్స్ దగ్గర మాత్రం సీనియర్ల మాట వినకు. మ్యాట్రిసెస్, ఐగెన్ వాల్యూస్ ఇప్పుడు విసుగ్గా ఉంటాయి, థర్డియర్‌లో మెషీన్ లెర్నింగ్ మొదలయ్యాక మొదటి వారంలోనే అవి ఎదురొస్తాయి, అప్పుడు వెనక్కి వెళ్లి చదివే తీరిక ఉండదు. డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రాబబిలిటీ ఇంకా ముఖ్యం. గేట్ సీఎస్ పేపర్‌లో 100 మార్కులకి 13 ఈ మ్యాథ్స్ నుంచే వస్తాయి, ఇంకో 15 ఆప్టిట్యూడ్, మిగతా 72 సబ్జెక్టు.

పైథాన్ నేర్చుకో, తప్పులేదు, నెల రోజుల పని. కానీ ఈ డిగ్రీ పెట్టింది ఒక లాంగ్వేజ్ నేర్పడానికి కాదు. సెకండియర్ మొదలైన దగ్గర్నుంచి వచ్చే ఐదారు సబ్జెక్టులు ఉన్నాయి చూడు: డేటా స్ట్రక్చర్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్స్ (ఓఎస్), డీబీఎంఎస్ (డేటాబేస్‌లు), నెట్‌వర్క్స్, అల్గారిథమ్స్. ఈ డిగ్రీకి ప్రాణం అక్కడుంది.

డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో జరిగేది చెబుతాను. లింక్డ్ లిస్ట్‌లో, అంటే ఒకదానికొకటి గొలుసులా కట్టిన డేటాలో, ఒక నోడ్ (ఒక లింకు) తీసేసే ప్రోగ్రామ్ రికార్డులో చూసి టైప్ చేస్తారు, మధ్యలో ఉన్న నోడ్ తీసేస్తే అవుట్‌పుట్ వస్తుంది, సంతకం పెట్టించుకుంటారు. మొదటి నోడ్ తీసెయ్ అంటే ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని పడిపోతుంది, ఎందుకంటే మొదటి నోడ్ ఎక్కడుందో చూపించే హెడ్ పాయింటర్‌ని మార్చాలని ఎవరికీ తట్టదు. ఒక్క నోడే ఉన్న లిస్టులో తీసేస్తే ఇంకో గొడవ. ఖాళీ లిస్టులో ఇంకోటి. ఆ నాలుగు కేసులూ కాగితం మీద బాణాలు గీసుకుని, మెమరీలో ఏం జరుగుతుందో నీ అంతట నువ్వు చూసిన రోజు, పాయింటర్ అంటే భయం పోతుంది, ఆ తర్వాత ఓఎస్‌లో పేజీ టేబుల్స్ వచ్చినా డీబీఎంఎస్‌లో బి ప్లస్ ట్రీ వచ్చినా నీకు చుట్టాల్లాగే కనిపిస్తాయి. దానికి ఆ వారం ల్యాబ్‌లో ఓ గంట ఎక్కువ కూర్చుంటే చాలు, కోచింగ్ ఏమీ అక్కర్లేదు.

ప్రశ్న: మా పాపకి ఒక కాలేజీలో సీఎస్ఈ, అంతకంటే కాస్త మంచి కాలేజీలో సీఎస్ఎమ్ వచ్చేలా ఉంది. రేపు అంతా ఏఐనే కదా, సీఎస్ఎమ్ తీసుకుంటే ఎక్కువ ఉద్యోగాలు ఉంటాయని మా బావగారు అంటున్నారు.
— ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, సీఎస్ఎమ్ అంటే సీఎస్ఈలో ఏఐ, మెషీన్ లెర్నింగ్. సీఎస్‌డీ అంటే డేటా సైన్స్, సీఎస్‌సీ అంటే సైబర్ సెక్యూరిటీ. 2020 ప్రాంతం నుంచి ఈ పేర్లతో సీట్లు విపరీతంగా పెరిగాయి. మొదటి రెండేళ్లు సిలబస్ దాదాపు ఒకటే, తేడా అంతా థర్డియర్ నుంచి. మీరు చేయాల్సింది ఒకటే, రెండు సిలబస్ కాపీలూ యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి దించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. కొత్తగా ఏం వచ్చిందో అందరూ చూస్తారు, మీరు దాని కోసం ఏ సబ్జెక్టు ఎగిరిపోయిందో చూడండి. ఓఎస్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్, అల్గారిథమ్స్ నాలుగూ పూర్తిగా ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు. వాటిలో ఏదైనా ఎలక్టివ్‌లోకి జారిపోయి ఉంటే పాప దాన్ని తప్పకుండా ఎంచుకోవాలి.

నా అభిప్రాయం అడిగితే, కాలేజీ కాస్త మంచిదంటున్నారు కాబట్టి అటే మొగ్గుతాను. ఏఐ అన్న పేరు చూసి మాత్రం కాదు. ఆ బ్రాంచి పాఠాలు చెప్పేవాళ్లు ఎవరు, వాళ్లలో ఏఐ సబ్జెక్టులు నిజంగా చదువుకున్నవాళ్లు ఎంతమంది అని కాలేజీకి వెళ్లి అడగండి. ప్లేస్‌మెంట్ బ్రోచర్ చేతిలో పెట్టి మాట మారిస్తే మీకే అర్థమవుతుంది. సీఎస్ఈలో చేరినా ఏఐలో ఆనర్స్‌గానో మైనర్‌గానో 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చేసుకునే దారి ఉంది, మీ బావగారికి అది కూడా చెప్పండి.

ప్రశ్న: పాలిటెక్నిక్ డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరాను. మాకు 160 క్రెడిట్లు ఎలా పూర్తవుతాయి?
— మహబూబ్‌నగర్

జవాబు: నీకు 160 అక్కర్లేదు, ఫస్టియర్ 40 తీసేసి 120 చేస్తే చాలు, ఆరేళ్లలోపు. ల్యాబ్‌లలో ఇంటర్ నుంచి వచ్చినవాళ్లకంటే నువ్వే ముందుంటావు, మ్యాథ్స్‌లో వెనకపడతావు. సెకండియర్ మొదటి రెండు నెలల్లోనే ఫస్టియర్ మ్యాథ్స్ పుస్తకం ఎవరిదైనా తీసుకుని మ్యాట్రిసెస్, ప్రాబబిలిటీకి కావాల్సిన ముక్కలు చేసుకో.

ప్రశ్న: ఫైనలియర్ మేజర్ ప్రాజెక్ట్ టైమ్ దగ్గరపడింది. మా టీమ్‌లో నలుగురం. ముగ్గురు అమీర్‌పేట వెళ్లి రెడీమేడ్ ప్రాజెక్ట్ కొనేద్దాం, తలా కొంత వేసుకుంటే అయిపోతుంది అంటున్నారు. నాకు ఇష్టం లేదు, కానీ సొంతంగా చేస్తే పూర్తవుతుందో లేదో అని భయం. మార్కులు పోతాయేమో.
— ఫైనలియర్, మేడ్చల్

జవాబు: మంచి ప్రశ్న, దీనికి కాస్త పెద్ద జవాబు రాస్తాను. మొదటి ఉత్తరంలో చెప్పిన గోడ మీద ఫ్లెక్సీలో ఉన్న లక్ష్యాల్లో సగానికి పైగా ఈ నాలుగేళ్లలో ఒక్కచోటే నిజంగా పరీక్షకి వస్తాయి, అది ప్రాజెక్ట్. టీమ్‌లో పనిచేయడం, టైమ్, ఖర్చు చూసుకోవడం, చెప్పడం, రాయడం, అన్నీ. దాన్నే కొనేస్తే నాలుగేళ్లలో ఉన్న ఆ ఒక్క అవకాశమూ పోయినట్టే.

కొన్న ప్రాజెక్టు ఎలా దొరికిపోతుందో చెబుతాను. వైవాకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా కూర్చున్నప్పుడు నేను అల్గారిథమ్ పేర్లేవీ అడగను. లాగిన్ పేజీ తెరవమంటాను. ఇప్పుడు కొత్త యూజర్‌ని రిజిస్టర్ చెయ్, ఆ పాస్‌వర్డ్ డేటాబేస్‌లో ఏ టేబుల్‌లో పడిందో చూపించు అంటాను. సగం టీమ్‌లకి ఆ డేటాబేస్ ఎక్కడుందో తెలియదు, వెతుకుతారు. దొరికాక చూస్తే పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు అక్షరాలా కూర్చుని ఉంటుంది, హ్యాష్ చేయడం (ఎవరూ చదవలేని రూపంలోకి మార్చడం) అన్న ఊసే లేదు. పక్క వరసలో అడ్మిన్ అకౌంట్, పాస్‌వర్డ్ అడ్మిన్123. రిపోర్టు బైండింగ్ మాత్రం బంగారు అక్షరాలతో ధగధగా మెరిసిపోతూ ఉంటుంది, లోపల సెక్యూరిటీ గురించి రెండు పేజీలు! అదే ప్రాజెక్టు, అదే అడ్మిన్123 మధ్యాహ్నం ఇంకో టీమ్ దగ్గర కూడా కనిపిస్తుంది, టైటిల్ మాత్రం మారి ఉంటుంది.

నువ్వు చిన్నది చేయి. బ్లాక్‌చెయిన్ వద్దు, డీప్ లెర్నింగ్‌తో క్యాన్సర్ గుర్తించడం వద్దు. మీ ఊళ్లో తెలిసినవాళ్ల కిరాణా షాపు ఖాతా పుస్తకం ఉంటుంది కదా, అదే తీసుకో. ఎవరు ఎంత అప్పు తీసుకెళ్లారు, ఎప్పుడు ఎంత కట్టారు, ఎంత బాకీ. వినడానికి ఇంతే. మొదలుపెట్టాక చూడు. ఒకే పేరుతో ముగ్గురు ఉంటారు, వాళ్లని ఎలా వేరు చేస్తావు? షాపాయన పొరపాటున 500 బదులు 5000 కొడితే దిద్దనివ్వాలా, దిద్దితే పాత అంకె జాడ ఉంచాలా? కరెంటు పోతే సగంలో ఆగిన ఎంట్రీ ఏమవుతుంది? డీబీఎంఎస్‌లో ట్రాన్సాక్షన్స్ అని నాలుగో యూనిట్‌లో చదివి మర్చిపోయింది ఇదే. షాపులో ఆయన భార్య కూడా ఇంకో ఫోన్ నుంచి ఎంట్రీ వేస్తే? అది కాన్‌కరెన్సీ. వారం వాడి చూసి ఆయన, బాబూ నాకు తెలుగులో కావాలి, అక్షరాలు పెద్దగా కావాలి అంటాడు, అప్పుడు మీరు సగం స్క్రీన్లు మళ్లీ రాయాల్సి వస్తుంది, నలుగురిలో ఇద్దరు విసుక్కుంటారు, ఎవరు ఏం చేయాలో మాట్లాడుకుని తేల్చుకోవాల్సి వస్తుంది. ఇంత జరిగాక ఇంటర్వ్యూలో నీ ప్రాజెక్ట్ గురించి చెప్పు అంటే అరగంట ఆపకుండా చెబుతావు.

పూర్తి కాదేమో అన్న భయానికి విరుగుడు, పరిధిని కాగితం మీద రాసి గైడ్ చేత సంతకం పెట్టించుకోవడం. మూడు ఫీచర్లు చేస్తాం అని రాయి, పది రాయకు. గిట్‌లో మొదటి రోజు నుంచి కోడ్ పెట్టండి, ఎవరు ఏ తేదీన ఏం చేశారో అందులో రికార్డవుతుంది, ఎక్స్‌టర్నల్‌కి చూపిస్తే మార్కులు వాటంతట అవే వస్తాయి. మిగతా ముగ్గురూ ససేమిరా అంటే గైడ్‌ని కలిసి బ్యాచ్ మార్చమని అడుగు. మొహమాటపడకు.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాం. నేను అప్పట్లో హైదరాబాద్‌లోనే బీటెక్ చేశాను. మా అబ్బాయి ఇక్కడే స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కి వెళ్తున్నాడు. డిగ్రీకి 120 క్రెడిట్లే అంటున్నారు, అందులోనూ హిస్టరీ, గవర్నమెంట్, ఆర్ట్స్ క్లాసులు. మన 160తో పోలిస్తే తక్కువ చదువుతున్నట్టు కాదా?
— ఫ్రిస్కో

జవాబు: క్రెడిట్‌ని క్రెడిట్‌తో పోల్చకండి. మనవాళ్లు సెమిస్టర్‌కి 20 క్రెడిట్లు, ఉదయం నుంచి సాయంత్రం దాకా క్లాసులోనే కూర్చుని చేస్తారు. అక్కడ 15 చేస్తారు, కానీ ఒక్కో గంట క్లాసుకీ ఇంటి దగ్గర రెండు గంటల పని ఉంటుందని లెక్క, ఆ హోమ్‌వర్క్ నిజంగానే దిద్దుతారు, వాటికి గ్రేడ్‌లో భాగం ఉంటుంది. ఒకే పరీక్ష మీద నడిచే బండి కాదది.

హిస్టరీ సంగతి మీ రాష్ట్ర చట్టం. టెక్సస్‌లో పబ్లిక్ యూనివర్సిటీలో ఏ డిగ్రీ చేసినా 42 క్రెడిట్ల కోర్ కరిక్యులం తప్పదు, అందులో అమెరికన్ హిస్టరీకి 6, గవర్నమెంట్‌కి 6. ఇక కంప్యూటర్ సైన్స్‌కి అబెట్ (అక్కడ మన ఎన్‌బీఏ లాంటి సంస్థ) గుర్తింపు కావాలంటే కనీసం 40 క్రెడిట్లు కంప్యూటింగ్, 15 మ్యాథ్స్ ఉండాలి, మ్యాథ్స్‌లో డిస్క్రీట్ తప్పనిసరి. మన ప్రొఫెషనల్ కోర్ 48తో పెద్ద తేడా లేదు చూశారా? అబెట్ లేకపోతే కంగారు పడనక్కర్లేదు, చాలా పేరున్న యూనివర్సిటీలు కంప్యూటర్ సైన్స్‌కి అది తీసుకోకుండానే నడుస్తాయి.

మీరు చూడాల్సింది ఇంకోటి. చాలా చోట్ల యూనివర్సిటీలో సీటు రావడం వేరు, కంప్యూటర్ సైన్స్ మేజర్‌లోకి రానివ్వడం వేరు. మొదట్లో కాలిక్యులస్, ప్రోగ్రామింగ్ క్లాసుల్లో ఫలానా గ్రేడ్ తెస్తేనే మేజర్ ఇస్తారు. ఆ రూల్ చేరకముందే ఆ డిపార్ట్‌మెంట్ కేటలాగ్‌లో చదవండి. హైస్కూల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్, కంప్యూటర్ సైన్స్ చేసి ఉంటే కొన్ని క్రెడిట్లు కలిసొస్తాయి. కానీ కాలిక్యులస్ వన్ దాటేసి నేరుగా టూలో కూర్చుని ఇబ్బంది పడే పిల్లలు ఉంటారు, ఆ నిర్ణయం అబ్బాయినే తీసుకోనివ్వండి.

ప్రశ్న: ర్యాంకు రాలేదు. బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరితే లైఫ్ అయిపోయినట్టేనా?
— అనంతపురం

జవాబు: లేదు. డిగ్రీ అయ్యాక ఐసెట్ రాసి ఎంసీఏ చేయొచ్చు, అది ఇప్పుడు రెండేళ్లే. మ్యాథ్స్ ఇంటర్‌లో గానీ డిగ్రీలో గానీ ఉండేలా చూసుకో, లేకపోతే అక్కడ ఇబ్బంది. పైన ఫస్టియర్ అమ్మాయికి చెప్పిన ఆరు సబ్జెక్టుల్లో మీ సిలబస్‌లో లేనివి ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో ఫ్రీగా వినొచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు.

ప్రశ్న: కోడ్ అంతా ఏఐనే రాసేస్తోంది. మరి ఈ నాలుగేళ్లూ దండగే కదా సార్?
— పేరు వద్దు

జవాబు: నీ ల్యాబ్ అసైన్‌మెంట్ దాంతోనే రాయించావని అర్థమైంది, అందుకే పేరు వద్దన్నావు. అది రాసిచ్చిన ఎస్‌క్యూఎల్ క్వెరీలో రెండు టేబుల్స్ జాయిన్ చేసినప్పుడు ఒకే బిల్లు రెండుసార్లు లెక్కలోకి వచ్చి టోటల్ డబుల్ అయిందనుకో, స్క్రీన్ మీద ఎర్రర్ ఏమీ రాదు, అంకె అందంగా కనిపిస్తుంది. అది తప్పని ఎవరు పట్టుకోవాలి? కంపెనీ జీతమిచ్చేది అది పట్టుకున్నవాడికి. మొదటి రెండేళ్లు ల్యాబ్‌లో దాన్ని ముట్టుకోకు, నీ చేత్తో రాయి, తప్పులొస్తే రానీ. థర్డియర్ నుంచి వాడు, కానీ అది ఇచ్చిన ప్రతి లైనూ ఎందుకు ఉందో పక్కవాడికి చెప్పగలిగితేనే సబ్మిట్ చెయ్.

ప్రశ్న: ఈ సెమిస్టర్‌లో నా అటెండెన్స్ 68 శాతం ఉంది. డెంగీ వచ్చి మూడు వారాలు ఇంట్లో ఉన్నాను. డిటెయిన్ చేస్తారా?
— సెకండియర్, సంగారెడ్డి

జవాబు: 75 శాతం ఉండాలన్నది రూల్. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం, ఆధారం చూపిస్తే కాలేజీ అకడమిక్ కమిటీ మన్నిస్తుంది, దానికి కాండొనేషన్ ఫీజు కట్టాలి. 65 కంటే తగ్గితే ఎవరి చేతుల్లోనూ ఉండదు, ఆ సెమిస్టర్ మళ్లీ చేయాల్సిందే. నీది 68 కాబట్టి దారి ఉంది. ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీ, ప్లేట్‌లెట్ రిపోర్టులు, మెడికల్ సర్టిఫికెట్ మూడూ జిరాక్స్ తీసి, క్లాస్ ఇన్‌చార్జ్ సంతకంతో దరఖాస్తు ఈ వారంలోనే ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకో. సెమిస్టర్ చివర్లో అందరూ ఒకేసారి ఎగబడతారు. ఇంకా క్లాసులు మిగిలి ఉంటే ఒక్కటి కూడా మానకు, 68 కాస్తా 64లోకి దిగితే ఆ కాగితాలేవీ పనికిరావు.